కళ్ళజోడు తీశాక

కొన్నేళ్ళుగా ఒక చిన్న మాట మోస్తున్నాను. "ఏమీ లేదే" అన్న మాట. మీరూ నేనూ రోజుకు ఎన్నోసార్లు అనే మాటే అది. ఒంట్లో బాగాలేదా అని ఎవరైనా నుదురు తాకి చూస్తే అంటాం. ముఖం అలా ఉందేంటని భర్త అడిగితే అంటాం. నేను మాత్రం ఒక మధ్యాహ్నం మా తోటికోడలి కళ్ళలోకి చూస్తూ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి తర్వాత ఎన్ని అవకాశాలు వచ్చాయో నాకు తెలుసు. ఒక్కటీ వాడుకోలేదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. తెలిసినవాళ్ళతో చెప్పాలంటే వాళ్ళ ముఖం చూడాలి. అది నా వల్ల కావడం లేదు. మీరు నన్ను క్షమించాల్సిన పని లేదు, చివరిదాకా వినండి చాలు.

మాది నూజివీడులో మామిడికాయల వ్యాపారం. కాయలు కోసే ఎండాకాలంలోనే మాకు పని అని అందరూ అనుకుంటారు. అసలు పని చలికాలంలో, చెట్లు పూత మీద ఉన్నప్పుడే అయిపోతుంది. తోటలోకి వెళ్ళాలి. చెట్టు చెట్టు కిందా నిలబడి తల పైకెత్తి చూడాలి. ఈ పూతలో ఎంత నిలుస్తుంది, ఎంత రాలుతుంది, రేపు ఎండల్లో ఎంత కాయ దిగుతుంది అని కంటితోనే అంచనా కట్టి, ఆ తోట కాపు మొత్తం ముందే కొనేయాలి. అంచనా కుదిరితే ఇంట్లో అందరూ నవ్వుతూ తిరుగుతారు. తప్పితే ఏడాది పొడవునా ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. మా మామగారికి ఆ కన్ను ఉంది. మా ఆయనకు రాలేదు, మా మరిదికీ రాలేదు. ఒకరు కొట్లో తూకాల దగ్గర ఉంటారు, ఇంకొకరు లారీలతో పై ఊళ్ళ మార్కెట్లు తిరుగుతారు.

నేను ఆ ఇంటి పెద్ద కోడలిని. కాపురానికి వచ్చిన కొత్తలో మామగారి వెంట తోటలకు వెళ్ళాలని ఎంత ఆశగా ఉండేదో. ఒకసారి నోరు విడిచి అడిగాను కూడా, నేనూ వస్తానండీ అని. ఆయన నవ్వి, ఎండలో నువ్వెందుకమ్మాయ్, కొట్టు చూసుకో అన్నారు. చలికాలంలో ఎండేమిటి? ఆ మాట అప్పుడు అడగలేదు. కొట్టు చూసుకున్నాను. బాగా చూసుకున్నాను. ఇంటికి వచ్చిన ప్రతివాడూ పెద్ద కోడలు లేకపోతే ఈ కొట్టు లేదు అనేవాడు. మామగారు అనేవారు కాదు.

తర్వాత హైమ వచ్చింది, మా మరిది భార్య. రెడ్డిగూడెం పిల్ల, తోటల్లోనే పుట్టి పెరిగింది. పెళ్ళయిన మొదటి చలికాలం అందరం కలిసి కారులో వెళుతుంటే, రోడ్డు పక్క తోటను కిటికీలోంచి చూసి, అటు చివరి చెట్లకు తేనెమంచు పట్టింది, ఆ పూత నిలవదు అంది. పూతను ఒక పురుగు పీల్చేస్తే జిగురు కారి అంతా మాడిపోతుంది, దాన్నే మా వైపు అలా అంటారు. మామగారు కారు ఆపించారు. నొప్పి మోకాళ్ళతో కుంటుకుంటూ దిగి, తోటలోకి వెళ్ళి చూసొచ్చారు. ఎక్కి కూర్చుని మోకాళ్ళు రుద్దుకున్నారు. తర్వాత, ఇన్నాళ్ళకు మనింటికి ఒక కన్ను వచ్చింది అన్నారు.

మరి నా కళ్ళేమయ్యాయి? ఇన్నేళ్ళూ అవి ఎక్కడికి పోయాయి?

ఆ రోజు నుంచే మొదలైంది. అసూయ అని ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు దానికి ఎన్ని పేర్లు పెట్టుకున్నానో. న్యాయం అనుకున్నాను, పెద్దరికం అనుకున్నాను. హైమ వండిన కూర బాగుందని ఎవరైనా అంటే ఉప్పు ఎక్కువైందని నాకు అనిపించేది. నిజంగానే నాలుకకు అలాగే తెలిసేది. కడుపుమంట నాలుక దాకా వస్తుందని నాకప్పుడే తెలిసింది.

అయితే హైమకు ఒక లోపం ఉంది. అది తెలిసిన రోజు నేను హాయిగా నిద్రపోయాను, దాచడం ఎందుకు. తనకు సాలెపురుగంటే భయం. మనందరికీ ఉండే భయం కాదు. చూస్తే కాళ్ళూ చేతులూ చల్లబడి, గొంతు బిగుసుకుపోయి, ఊపిరి అందదు. చిన్నప్పుడు తోటలో పరుగెడుతూ ఒక పెద్ద గూటిలోకి ముఖం పెట్టి దూసుకుపోయిందట. చలికాలం పొద్దున్నే ఏ మామిడి తోటలోకి వెళ్ళినా చెట్టుకూ చెట్టుకూ మధ్య గూళ్ళు అల్లుకుని ఉంటాయి. సరిగ్గా మనిషి ముఖం ఎత్తున, సరిగ్గా పూత చూడాల్సిన రోజుల్లోనే. అందుకని అంత కన్ను ఉండీ హైమ తోటలో అడుగు పెట్టలేదు. రోడ్డు మీద నుంచే చూసేది. రోడ్డు మీద నుంచి ఎంత కనపడుతుంది చెప్పండి?

మామగారు ఊరుకోలేదు. ఎవరో చెప్పగా విని, విజయవాడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. తోడు నేనే వెళ్ళాను. పెద్ద కోడలిని కదా.

ఆవిడ మందులివ్వలేదు. ఒక కళ్ళజోడు ఇచ్చింది, మోటారు సైకిలు తోలేవాళ్ళు దుమ్ముకు పెట్టుకునేదానిలా పెద్దది. ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారట. అది పెట్టుకుంటే మన గది మనకు అలాగే కనిపిస్తుంది. మన బల్ల, మన చెయ్యి, మన గాజులు అన్నీ మామూలుగానే ఉంటాయి. వాటి మధ్య, బల్ల మీద, లేని సాలెపురుగు ఒకటి కనిపిస్తుంది. నడుస్తుంది, ఆగుతుంది. కళ్ళజోడు తీస్తే ఉండదు. ముందు చిన్నది, దూరంగా. అలవాటయ్యాక కొంచెం పెద్దది, కొంచెం దగ్గరగా. అలా భయం దానంతట అదే అరిగిపోతుందని చెప్పింది. ఇంటి దగ్గర రోజూ సాధన చేయాలని కళ్ళజోడు మాకే ఇచ్చి పంపింది. ఫోనులోంచి దాన్ని నడిపే పని నాకు అప్పజెప్పింది. నాతో ఒకే ఒక్క నియమం చెప్పింది. చెప్పకుండా ఏదీ రాకూడదు. హైమ సరే అన్నాకే సాలెపురుగు రావాలి, సరే అన్నాకే పెరగాలి. వైద్యమంతా ఆ నమ్మకం మీదే నిలబడుతుందని, సాయం చేసేవాళ్ళ మాట మీద అనుమానం వస్తే మొత్తం పోతుందని నా వైపు చూసి మరీ చెప్పింది. నేను బుద్ధిగా తలూపాను.

మొదటి రోజుల్లో నాకు ఆ పని ఎంత నచ్చిందో. మధ్యాహ్నం కొట్టు మూసి భోజనాలయ్యాక నా గదిలో కూర్చునేవాళ్ళం. హైమ వణికేది, నేను చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పేదాన్ని. భయం మరీ ఎక్కువైతే కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊపిరి తీసి వదలాలి, అదీ డాక్టరమ్మ నేర్పిందే. తీసుకో హైమా, వదులు హైమా అంటూ నేను పక్కన చెబుతుండేదాన్ని. నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో అక్కా అనేది. ధైర్యం చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఒక మెట్టు పైన కూర్చుంటారు. ఆ మెట్టు మీద నాకు బాగుంది. నిజానికి ఆ రోజుల్లో హైమ మీద ప్రేమ కూడా పుట్టింది. వణుకుతున్నంతకాలం ప్రేమించాను. దీన్ని ఏమనాలి?

కానీ తను బాగుపడటం మొదలుపెట్టింది. వణుకు తగ్గింది. కొన్ని వారాలకు బల్ల మీద నడిచే సాలెపురుగు పక్కనే అరచెయ్యి ఆనించి, కబుర్లు చెప్పే దాకా వచ్చింది. మామగారు గుమ్మంలో నిలబడి చూసి పొంగిపోయారు. ఈసారి ఆగిరిపల్లి తోటకు చిన్న కోడలితో వెళతాను, మొదటి చెట్టు దగ్గర కొబ్బరికాయ తనే కొడుతుంది అన్నారు. తోట ఖాయమైన రోజు మొదటి చెట్టుకు కాయ కొట్టేది ఎప్పుడూ ఆయనే. కొడుకుల చేత కూడా కొట్టించలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నవ్వుతూనే ఉన్నాను, కాఫీ కూడా కలిపి ఇచ్చాను.

మర్నాడు కొట్టు వెనక గదిలో ఎండుగడ్డి సర్దిస్తుంటే గోడ మీద సాలెపురుగు కనిపించింది. కాయలు మాగేయడానికి గడ్డి తెస్తాం కదా, అందులో వస్తుంటాయి. గోధుమరంగుది, కాళ్ళు పొడుగ్గా ఉన్నాయి. ఏమీ చేయదు పాపం. టీ గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క తోసి పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నాను? హైమకు నిజంగా తగ్గిందో లేదో చూద్దామని, బొమ్మే అనుకుని దాని పక్కన చెయ్యి పెట్టాక ఇది నిజందే హైమా అని చెబితే తనే సంతోషిస్తుందని. ఇలాగే చెప్పుకున్నాను అప్పుడు. చాలాకాలం అదే చెప్పుకున్నాను. అది నిజమైతే గ్లాసును పమిట చాటున ఎందుకు తెచ్చాను? మెట్లు ఎక్కుతుంటే లోపల అంత హుషారు ఎందుకు? తను భయంతో కేకలేసి పడిపోవడం చూడాలనిపించింది నాకు. మామగారు ఇంట్లో ఉండగా, ఆయనకు వినపడేలా.

హైమ కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. వదలనా అన్నాను. ఊఁ అంది. ఫోను ముట్టుకోలేదు, పమిట చాటునే బల్ల అంచున బోర్లించి గ్లాసు ఎత్తాను.

తను వంగి చూసింది. భయపడలేదు. ఆ తర్వాత మా మధ్య నడిచిన మాటలు నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"ఇవాళ్టిది బాగుందక్కా. నీడ కూడా పడుతోంది దీనికి."

తన కన్ను అలాంటిది. నీడను కూడా పట్టేసింది. అయినా పక్కనే చెయ్యి ఆనించింది. సాలెపురుగు కదిలినా చెయ్యి తీయలేదు. తీయలేదండీ. నయమైపోయింది తనకు. నాకు అది చూస్తూ చూస్తూ తెలిసింది. అప్పుడు తను నవ్వుతూ, చెమట తుడుచుకుందామని కళ్ళజోడు తీసింది.

సాలెపురుగు అక్కడే ఉంది.

"అక్కా. కళ్ళజోడు తీసేశాను కదా. ఇంకా ఉందేంటి?"

"ఏది?"

"అదుగో, బల్ల మీద. నా చెయ్యి పక్కన."

ఒక్క క్షణం. నిజందే హైమా, నేనే పెట్టాను అనడానికి నాకు ఒక్క క్షణం దొరికింది. అంటే తను కేకలేసేది, నన్ను తిట్టేది, మామగారు పైకి వచ్చేవారు, నా బుద్ధి అందరికీ తెలిసిపోయేది. హైమ మాత్రం గెలిచేది. నిజం సాలెపురుగు పక్కన చెయ్యి పెట్టిన మనిషిగా తోటలోకి నడిచేది.

"ఏమీ లేదే," అన్నాను.

తన ముఖంలో రంగు దిగిపోయింది. సాలెపురుగుకు కాదు, ఆ భయం నయమైపోయింది. నేను అన్నదానికి. "సరిగ్గా చూడక్కా" అంది. నేను చూశాను. దాన్ని చూస్తూనే, లేదు హైమా అన్నాను. తర్వాత, దేవుడు నన్ను ఏం చేసినా ఇందుకే చేయాలి, "కళ్ళు మూసుకో. నెమ్మదిగా ఊపిరి తీసుకో" అన్నాను. తను మూసుకుంది. నమ్మి మూసుకుంది. తీసుకో హైమా, వదులు హైమా అంటూనే గ్లాసు బోర్లించి, అట్టముక్క తోసి, దాన్ని కిటికీలోంచి బయటికి వదిలేశాను.

"ఇప్పుడు చూడు. ఉందా?"

బల్ల ఖాళీగా ఉంది. తను బల్లను చేత్తో తడిమింది. చాలాసేపు తడిమింది.

"ఎవరికీ చెప్పకక్కా," అంది చివరికి. "నాకు పిచ్చెక్కుతోందనుకుంటారు."

చెప్పనని తన తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాను. మా ఇద్దరి జీవితంలో నేను నిలబెట్టుకున్న ఒట్టు అదొక్కటే.

ఆ తర్వాత కళ్ళజోడు పెట్టుకోలేదు హైమ. దాని వల్లే తన కళ్ళు పాడయ్యాయని, లేనివి కనిపిస్తున్నాయని నమ్మింది. డాక్టరమ్మ ఫోను చేస్తే నేనే ఎత్తి, సీజను పనండీ, తీరిక దొరకడం లేదు అన్నాను. కళ్ళజోడును పార్శిల్లో పంపేశాను. ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ ఇచ్చిన నియమంలోనూ తప్పు లేదు. తప్పంతా దాన్ని పట్టుకున్న చేతిలో ఉంది.

అనుకున్న రోజున ఆగిరిపల్లి వెళ్ళాం. మామగారు నన్ను కూడా రమ్మన్నారు, హైమకు తోడుగా. తను తోట అంచున నిలబడిపోయింది. మామగారు ఎలా ఉందమ్మాయ్ పూత అని అడిగారు. హైమ చెట్ల వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఇక్కడి నుంచి నిండుగానే కనపడుతోంది మావయ్యగారూ, ఏమో మరి, నా కళ్ళ మీద నాకు నమ్మకం లేదు అంది. చెట్టు చెట్టూ తిరగడానికి ఆయన మోకాళ్ళు ఇంక సహకరించవు. నా వైపు తిరిగి, నువ్వు చూడమ్మాయ్ అన్నారు.

ఆ మాట కోసమే కదా నేను అన్నేళ్ళు కాచుకున్నాను. ముఖానికి గూళ్ళు అంటుకుంటుంటే తుడుచుకుంటూ లోపలికి నడిచాను. తల పైకెత్తాను. పూత కనిపించింది. అంతే. ఏది నిలుస్తుందో, ఏది రాలుతుందో నాకేమీ తెలియలేదు. బాగుందండీ అన్నాను. కొబ్బరికాయ నాచేతే కొట్టించారు. ఆ ఏడు పిందెలు సగానికి పైగా రాలిపోయాయి. మామగారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కూడా నన్నే తీసుకెళుతున్నారు. వేరే కన్ను లేదు కదా ఇంట్లో.

ఎన్నో పూతలు వచ్చి వెళ్ళాయి. హైమ కొట్టు చూసుకుంటోంది, బాగా చూసుకుంటోంది. తనకు ఒక అలవాటు వచ్చింది. మూల ఏదైనా నల్లగా కనిపిస్తే, గోడ మీద ఏదైనా కదిలినట్టుంటే, నన్ను పిలిచి, ఉందా అక్కా అని అడుగుతుంది. ఉంటే ఉంది అంటాను, లేకపోతే లేదు అంటాను. ఆ ఒక్కసారి తప్ప ఎప్పుడూ నిజమే చెప్పాను. తను నన్ను తన కళ్ళుగా వాడుకుంటోంది. నాకు అది ఇష్టం. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మొన్న సీజనుకు ముందు వెనక గది దులుపుతున్నాం. గడ్డిమోపు వెనక నుంచి సాలెపురుగు ఒకటి గోడ ఎక్కింది. అప్పటిదాని లాంటిదే. హైమ చీపురు పట్టుకుని ఆగిపోయింది. ఉందా అక్కా అంది. ఉంది అన్నాను. అమ్మయ్య అంది. చీపురు పక్కన పెట్టి, దాన్ని ఒక కాగితం మీదికి ఎక్కించుకుని, వీధిలోకి తీసుకెళ్ళి వదిలేసి వచ్చింది. చేతులు దులుపుకుంటూ, నిజందైతే నాకేం భయమక్కా అంది.

నేను తను పక్కన పెట్టిన చీపురు అందుకున్నాను. ఇన్నాళ్ళూ తను తోటకు దూరంగా ఉన్నది సాలెపురుగులకు భయపడి కాదు. తన కళ్ళకు భయపడి. అది నాకు ముందే తెలుసా? తెలుసు. ఎప్పటి నుంచి? మొదటి నుంచీ తెలుసు. నేను ఒక్క మాట అంటే తను రేపే తోటలోకి నడుస్తుంది. తల పైకెత్తి చూసి, మామగారికి ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. ఆయనకు ఇంక ఎన్ని పూతలు మిగిలాయో తెలియదు. తను తోటలో నడవడం చూడాలని ఆయనకూ ఉంది, నాకు తెలుసు. కారులో కూర్చుని హైమ వైపు చూసే చూపులో ఉంటుంది అది. ఆ చూపు నా మీద ఇంతవరకు పడలేదు. ఇప్పటికీ అదే నొప్పి. తోటల్లో తిరిగేది నేను, కాయ కొట్టేది నేను, అయినా అసూయ తగ్గలేదు. అన్నీ తీసేసుకున్నాక కూడా తనంటే అసూయే.

హైమతో చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది. ఇది రాస్తున్నంతసేపూ కింద కొట్లోంచి తన గొంతు వినపడుతూనే ఉంది, ఎవరితోనో బేరం ఆడుతోంది. పిలిస్తే వస్తుంది. పిలవలేదు. కానీ ఇన్నేళ్ళలో మొదటిసారి, తన ప్రశ్నకు జవాబు ఒకచోట పెట్టాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఉంది హైమా. ఆ మధ్యాహ్నం బల్ల మీద, నీ చెయ్యి పక్కన, ఉంది. గోధుమరంగుది, కాళ్ళు పొడుగ్గా. నీడ కూడా ఉంది. నువ్వు చూసింది చూసినట్టే ఉంది.